లో వోల్టేజీ వైభవం

పల్లెటూరివాడికి లో వోల్టేజీని మించిన అదృష్టం మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను!

నవ్వకండి. కరెంటు బొత్తిగా పోవడం గురించి కాదు నేను చెప్పేది. పోయిన కరెంటు పోయినట్టే. విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూచుంటాం, అందులో గొప్పేముంది? ఉండీ లేనట్టుండే కరెంటుంది చూశారూ, దాని సంగతి నేను చెబుతున్నది. బల్బులో పీచు మాత్రం ఎర్రగా కనబడుతుంది. ఫ్యానుకు రెక్కలెన్నో తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. ఆ కరెంటే మనిషికి బుద్ధి నేర్పేది. వోల్టేజీ తిన్నగా వచ్చే ఊళ్ళో మనుషులకు ఆలోచించాల్సిన పనేముంది? స్విచ్చి వేస్తారు, తిరుగుతుంది. అంతే! మెదడు తుప్పు పట్టిపోదూ?

నా పేరు చంద్రరావు. డెబ్బై రెండేళ్ళు నిండాయి. మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తొమ్మిదో తరగతి ఆ బళ్ళో లేదు, ఉన్నా నన్ను రానిచ్చేవారు కాదు. పెనుగొండకు ఆటోలో అరగంట దూరంలో ఉంటాం. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పదిహేనిళ్ళున్న రోజుల్లో పెట్టింది. ఇప్పుడు అరవై ఇళ్ళయ్యాయి. దీపాలు పెట్టే వేళకు దానికీ, మా ఆవిడ నాగేశ్వరికీ ఒకేసారి ఆయాసం వస్తుంది.

ఆవిడ ఆయాసం సంగతి తరవాత చెబుతాను. ముందు మా వీధి తెలివితేటలు వినండి.

ఏ వస్తువు కొన్నా దాంతో ఒక పుస్తకం ఇస్తారు కదా, దీన్ని ఇలా వాడాలి, అలా వాడకూడదు అని. మేం 'వాడకూడదు' అన్న పేజీ నుంచి మొదలుపెడతాం. ఎదురింటి భీమరాజుగారి ఫ్రిజ్ కంప్రెసర్ రెండుసార్లు కాలిపోయింది. మూడోసారి బాగు చేయించడం మానేసి, అందులో మినుములూ, వాళ్ళావిడ రాణిగారి పట్టుచీరలూ, పొలం పాస్‌బుక్కులూ పెట్టారు. "చీమ దూరదు, ఎలక దూరదు, ఆయ్! కంపెనీవాడికే తెలీదండి దీని విలువ," అంటారాయన. అతిథులొస్తే తలుపు తీసి మరీ చూపిస్తారు.

పక్కింటి పాపాయి ఇంటి మీద టీవీ గొడుగుంది. వోల్టేజీ చాలక టీవీ కళ్ళు మూసేశాక, ఆ గొడుగును వెల్లకిలా తిప్పి గుమ్మడి వడియాలు పెట్టింది. ఒక్క పూటలో గలగలమంటూ ఎండాయి. ఆ వడియాలు వేయిస్తుంటే నూనెలోంచి సాయంత్రం వార్తలు వినబడతాయని నేను సరదాకి అన్నాను. కాలవ అవతలి ఊరివాడొకడు నమ్మి రెండు శేర్లు పట్టుకుపోయాడు. వారం పోయాక కనబడి, "వార్తలు రాలేదండీ, వాతావరణం మాత్రం వచ్చింది," అన్నాడు. నన్ను మించిన ఘటాలు కూడా ఉన్నాయి మా ప్రాంతంలో!

నా సంగతి అడగరేం? మా ఇంట్లో బట్టలుతికే మెషినుంది. మా వోల్టేజీకి అది తిరిగే తీరు చూస్తే, సరిగ్గా కవ్వం తిరిగినట్టే ఉంటుంది. ఒకరోజు నాగేశ్వరి గుడికి వెళ్ళినప్పుడు పాతిక లీటర్ల పెరుగు అందులో పోసి స్విచ్చి వేశాను. వెన్న వచ్చింది, అబద్ధమెందుకు. కాకపోతే నెల్లాళ్ళపాటు నా చొక్కాలు నెయ్యి వాసన వేశాయి. నేను సైకిలెక్కితే ఊరి కుక్కలన్నీ గౌరవంగా వెంట నడిచేవి. నాగేశ్వరి మూడురోజులు మాట్లాడలేదు. ఆ మూడురోజుల ప్రశాంతతను కూడా మెషిన్ లాభాల్లోనే వేసుకోవాలంటాను నేను.

చేలో మోటారుకు సిమ్ కార్డు పెట్టించాను. ఇంట్లోంచి ఫోన్ చేస్తే లేచి నీళ్ళు తోడుతుంది. మా అల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తడు. మోటారు ఒక్క రింగుకే ఎత్తుతుంది. వాళ్ళిద్దరిలో ఎవరు దగ్గరివాళ్ళో మీరే చెప్పండి!

అయితే మా వీధి పేరు నాలుగూళ్ళలో మోగింది వీటివల్ల కాదు. మిస్డ్ కాల్ వల్ల.

మాటలు ఫ్రీ అయిపోయిన రోజుల్లో మిస్డ్ కాల్ ఏంటండీ అంటారు. మాటలు ఫ్రీ అయ్యాకే కదా దాని విలువ తెలిసింది! పాపాయి దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. ఆవిడ గ్రైండర్ తిరుగుతుంటే వీధిలో సగం ఇళ్ళు మసకబారతాయి. ఫోన్ చేసి, "కాస్త గ్రైండర్ ఆపమ్మా," అని చెప్పాలనుకోండి. ముందు మన ఆరోగ్యం అడుగుతుంది. తరవాత తన మోకాళ్ళ సంగతి చెబుతుంది. ఆ తరవాత కోడలి చెల్లెలి సీమంతం. ఈలోపు మా ఇంట్లో మనిషికి ఊపిరాడొద్దూ?

ఈ ఊపిరి మాట హాస్యానికి అనలేదు. నాగేశ్వరికి ఉబ్బసం. చలిగాలి తగిలినా, గడ్డి పొగ తగిలినా, నేను ఎక్కువ మాట్లాడినా వస్తుంది. డాక్టరుగారు ఒక చిన్న యంత్రం ఇచ్చారు. మందును పొగలా చేసి ముక్కుకు పట్టిస్తుంది. ఆవిడ దాన్ని పొగపెట్టె అంటుంది. వోల్టేజీ బాగుంటే పది నిమిషాల్లో మనిషి తేరుకుంటుంది. వోల్టేజీ పడిపోతే అది గుర్రుగుర్రుమంటుంది గానీ పొగ రాదు. స్టెబిలైజర్ కొన్నాం. అది టిక్కు టిక్కుమని వారం రోజులు ప్రయత్నించి, తన వల్ల కాదని దణ్ణం పెట్టేసింది. ఇన్వర్టర్ పెట్టాం. దాని బ్యాటరీ నిండాలన్నా వోల్టేజీ కావాలి కదండీ!

అందుకని నేను బుర్ర పెట్టాను. మూడు మిస్డ్ కాల్స్ వస్తే నాగేశ్వరికి ఆయాసం వచ్చిందని అర్థం. వెంటనే మిక్సీలు, మోటార్లు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు అన్నీ ఆపెయ్యాలి. నాగేశ్వరి నాకు చేస్తుంది. నేను పాపాయికి చేస్తాను, పాపాయి భీమరాజుగారికి, ఆయన పై ఇంటికి, అలా గొలుసులా చివరింటి దాకా. ఒకటిన్నర నిమిషంలో అరవై ఇళ్ళు చల్లబడతాయి, మా పొగపెట్టె లేచి కూచుంటుంది.

మొదట వాట్సాప్ గ్రూపు పెట్టాం. గులాబీపూల 'శుభోదయం' బొమ్మల కింద 'ఆయాసం' అన్న మెసేజీ పడితే ఎవరికీ కనబడలేదు. కనబడినవాళ్ళు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టారు. గ్రైండర్ మాత్రం ఆపలేదు.

"గొలుసులో మొదటి ఫోన్ మీకెందుకండీ, పాపాయికే తిన్నగా చేస్తాను," అంది నాగేశ్వరి అప్పట్లోనే. "మీరు ఏ టీకొట్టు దగ్గర కబుర్లలో ఉంటారో!"

"ఈ పద్ధతి కనిపెట్టింది నేనే కదే! ఆ మాత్రం మర్యాద ఉండొద్దూ?" అన్నాను.

నిజానికి మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. భీమరాజుగారు క్రికెట్ మ్యాచి ఆఖరి ఓవర్లో ఉండగా టీవీ కట్టేసిన రోజులున్నాయి. పాపాయి పిండి సగం రుబ్బులో ఆపి, పులిసిపోతే పారబోసిన రోజులున్నాయి. ఒక్కరు విసుక్కోలేదు. ఇలాంటి వీధి దేశంలో మరోటి చూపించండి!

ఇంతలో మా అదృష్టం మీద దెబ్బ పడబోయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వచ్చిందట! మా వీధికివ్వాలా, కాలవ అవతలి ఊరికివ్వాలా తేల్చడానికి కరెంటాఫీసు నుంచి ఏఈ హరిబాబుగారు వచ్చారు. మంచి కుర్రాడు. ముందు అవతలి ఊరు చూసి వచ్చారు. వాళ్ళేం చూపించారండీ అని అడిగితే, "ఏం చూపిస్తారండీ పాపం. చుట్టూ చేరి గోల పెట్టారు. ఒకావిడ ఏడ్చింది," అన్నారు.

నాకు జాలేసింది. ఇంజినీరు ఇంటికొస్తే ఏడవడమేంటండీ, చేతగానితనం కాకపోతే!

నేను ఆయనకు పెసరట్టు పెట్టించి, మూడు గంటలపాటు వీధంతా తిప్పాను. ఫ్రిజ్ తెరిపించాను. గొడుగులో వడియాలు రుచి చూపించాను. మోటారుకు ఫోన్ చేసి మాట్లాడమన్నాను. చివరికి నాగేశ్వరి చేత మూడు మిస్డ్ కాల్స్ కొట్టించాను. ఆయన ఫోన్లో వీడియో తీస్తూ గడియారం చూస్తుండగా వీధి మొత్తం ఒకటిన్నర నిమిషంలో ఆగింది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ గంతేసింది. ఏఈగారు నోరు తెరిచేశారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. మీసం దువ్వుకోవడానికి టైమిచ్చారు కూడా.

"అద్భుతమండీ చంద్రరావుగారూ! మీరు చక్కగా మేనేజ్ చేసుకుంటున్నారు. వాళ్ళే పాపం, చేసుకోలేకపోతున్నారు," అన్నారు.

"అదేదో మా చిన్న బుర్ర," అన్నాను వినయంగా.

ట్రాన్స్‌ఫార్మర్ కాలవ అవతలికి వెళ్ళింది. మా రేవులోంచే ట్రాక్టరు మీద తీసుకెళ్ళారు. మట్టిలో దిగబడితే నెట్టింది కూడా మేమే. భీమరాజుగారు పంచె ఎగ్గట్టి మరీ భుజం పట్టారు.

నాగేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. తరవాత లోపలికెళ్ళి పొగపెట్టె దుమ్ము తుడిచింది.

నెల తిరక్కుండా మాకు ఇంకా గొప్ప సంగతి తెలిసింది. ఏఈగారు పంపిన వీడియో జిల్లాలో పెద్ద సార్లందరూ చూశారట. పైసా ఖర్చు లేకుండా వోల్టేజీ సమస్య తీర్చుకున్న వీధిగా మాకు సన్మానమట! వీధి మధ్య పందిరి వేశారు. నాలుగు ఫోకస్ లైట్లు, బీరువాలంత స్పీకర్లు రెండు, గోడంత ఎల్‌ఈడీ తెర, పెద్ద సార్లకు రెండు కూలర్లు. జనరేటర్ తెస్తామన్నారు గానీ పై సారొకాయన ఒప్పుకోలేదు. "వాళ్ళ కరెంటుతోనే వాళ్ళ విజయం చూపించాలి," అన్నారట. ఎంత గొప్ప ఆలోచన!

ఆ సాయంత్రం నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బయల్దేరుతుంటే నాగేశ్వరి దగ్గుతూ, "పందిరి గుంజలకు తవ్విన దుమ్ము పట్టిందండీ. నేను రాలేను. ఫోను దగ్గర పెట్టుకోండి," అంది. పెట్టుకున్నాను. వేదిక ఎక్కాక పక్క సారు చెవిలో, "ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి, మర్యాద," అన్నాడు. మర్యాదే కదా అని పెట్టుకున్నాను.

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. మైకు దొరికిన ముసలివాడికి ఆకలి తెలుస్తుందా, దాహం తెలుస్తుందా?

"నాగరికత అంటే ఏంటండీ?" అని మొదలుపెట్టాను. "మా ఇంట్లో ఆయాసం వస్తే అరవై ఇళ్ళకు తెలియడం! ఒక్క ఫోను మోగితే చాలు..." జనం చప్పట్లు కొట్టారు. నేను గొలుసు వివరించాను. మొదటి లంకె నేనేనని చెప్పాను. ఆ మాట రెండుసార్లు చెప్పాను. తెరమీద నా మొహం గోడంత కనబడుతుంటే, దాన్ని చూసుకుంటూ మూడోసారి కూడా చెప్పాను.

ఆ పావుగంటా నా జేబులో ఫోను వెలుగుతూనే ఉందట.

అతిథులకు కాఫీ గ్లాసులు చాలక పాపాయి మా ఇంటికెళ్ళింది. అక్కడ నాగేశ్వరి మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూచునుంది. ఒక చేత్తో పొగపెట్టె గొట్టం ముక్కు దగ్గర పట్టుకుంది, అందులో పొగ లేదు. రెండో చేతి బొటనవేలు ఫోను మీద ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి. మాట రాలేదు, పందిరి వైపు వేలు మాత్రం చూపించింది.

పాపాయి గ్లాసులు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. వేదిక ఎక్కలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా పందిరి వెనక్కెళ్ళి, స్తంభం నుంచి తీసిన మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది.

తెర ఆరిపోయింది. నా మొహం పోయింది. మైకు పోయింది. నా నోరు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

"బాబయ్యగారూ! ఫోన్ చూసుకోండి!" అని కేకేసింది. "పిన్నిగారికి ఊపిరాడట్లేదు!"

చూసుకున్నాను. పంతొమ్మిది మిస్డ్ కాల్స్.

శాలువాతో సహా పరుగెత్తాను. డెబ్బై రెండేళ్ళవాడి పరుగెలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను గుమ్మం చేరేసరికి పొగపెట్టె గుర్రుమనడం మాని, నిండుగా మోగుతోంది. గొట్టంలోంచి తెల్లగా పొగ వస్తోంది. నేను ఆవిడ వీపు రాస్తూ నేల మీద కూలబడ్డాను.

అప్పుడు వినబడ్డాయండీ, పందిరి నుంచి చప్పట్లు! పెద్ద సార్లందరూ లేచి నిలబడి కొడుతున్నారు. అదంతా మేం ముందుగా ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకున్నారు. "ఏం రెస్పాన్స్ అండీ! ఏం డెమో!" అని ఎవరో అంటున్నది నా చెవిన పడింది. మనం పొగిడించుకోవడానికి అలవాటుపడితే, మన ఇంట్లో మనిషి ప్రాణం పోతున్నా చూసేవాళ్ళకు తమాషాగానే ఉంటుంది. చప్పట్లకు వోల్టేజీ ఖర్చు కాదు కదా!

పది నిమిషాలకు నాగేశ్వరి గొట్టం తీసి పక్కన పెట్టింది. నా భుజం మీది శాలువా చూసింది.

"ఏవండీ," అంది.

"ఏంటే?"

"మీ తెలివితేటలకో దణ్ణం. రేపు వెళ్ళి చేతకాదని చెప్పి రండి."

మర్నాడు పొద్దున్నే కరెంటాఫీసుకు వెళ్ళాను. హరిబాబుగారు కుర్చీలోంచి లేచి మరీ పలకరించారు. "ఏంటండీ చంద్రరావుగారూ, నిన్నటి డెమో అదరగొట్టేశారు!"

"డెమో కాదు బాబూ. మా ఆవిడకి నిజంగానే ప్రాణం మీదికొచ్చింది. మాకు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి."

ఆయన మొహం పాలిపోయింది. తరవాత ఫైలు తెప్పించి తిరగేశారు. "ఇందులో 'స్థానికులు స్వయంగా నిర్వహించుకుంటున్నారు' అని ఉందండీ. నేనే రాశాను. ఇప్పుడు కారణం ఏమని మార్చమంటారు?"

"మా వీధిలో తెలివి అయిపోయిందని రాయండి."

"దానికి ఫారంలో గడి లేదండీ."

"ఆడమనిషికి ఊపిరాడట్లేదని రాయండి. దానికుందా గడి?"

ఆయన తలొంచుకున్నారు. పెన్ను తీసి, మార్జిన్‌లో రాయడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు రాశాక ఆగి, గోడ వైపు చూశారు. అక్కడ, నా తల కంటే రెండడుగుల పైన, ఫ్రేము కట్టిన ఫోటో. పాత ట్రాన్స్‌ఫార్మర్ కింద నేను, మీసం దువ్వుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. కింద 'ఆదర్శ వీధి' అని అక్షరాలు.

"అది అక్కడుండగా పై సార్లు ఈ కాయితం మీద సంతకం పెట్టరండీ," అన్నారు మెల్లగా. "చిట్టియ్యా, అది దింపు."

అటెండరు చిట్టియ్య మెడ పైకెత్తి చూశాడు. "అందదు సార్. స్టూలు కావాలని రాసి రెండేళ్ళయింది, రాలేదు కదా."

గదిలో ఉన్న నలుగురూ నా వంక చూశారు.

నిజం చెప్పొద్దూ, ఆ గదిలో అడుగుపెట్టినప్పుడే నా కళ్ళు చూసేశాయి. మూలన కేబుల్ చుట్టే పెద్ద చెక్క చక్రం ఉంది. దాన్ని పడుకోబెట్టి, పైన ఆ కాలు విరిగిన కుర్చీని బోర్లించి, తలుపు వెనకున్న బూజుకర్రకు చివర ఒక తీగె కొక్కెంలా వంచితే, ఒక్క నిమిషం పని! నా చేతులు దురదపెట్టాయి. ఒక అడుగు ముందుకు పడింది కూడా.

ఏఈగారి పెన్ను ఆగిపోయింది. ఆయన కళ్ళలో ఒక మెరుపు వచ్చింది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. ఎడం చెయ్యి అప్పుడే ఫోన్ కోసం జేబులోకి వెళుతోంది.

నేను ఆగాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. గట్టిగా, ఒకదాన్నొకటి పట్టుకుని మరీ కట్టుకున్నాను.

"నాకూ అందదు బాబూ," అన్నాను. "ఎలా తీయాలో నాకు బొత్తిగా తోచట్లేదు."

హరిబాబుగారు నన్నే కాసేపు చూశారు. జేబులోంచి చెయ్యి తీసి, ఫైలు ముందుకు లాక్కుని మళ్ళీ రాయడం మొదలుపెట్టారు.